సూర్యనారాయణగారి పిత్తాశయ పాండిత్యం

ఒంట్లోంచి ఏదన్నా తీసేస్తే మనిషి ఆ మేరకు తగ్గాలి. సూర్యనారాయణగారు మాత్రం ఏలూరు ఆస్పత్రిలో పిత్తాశయం తీయించుకుని పెదపాడు దగ్గర తన ఊరికి తిరిగొచ్చాక పెరిగాడు. పెరిగింది తెలివేనని ఆయన నమ్మకం. భార్య మంగతాయారు ఏమనుకుందో ఎవరూ అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పే మనిషి కాదు.

అంతకుముందు ఆయనకి ఊళ్ళో చెప్పుకోదగ్గ పేరేమీ లేదు. పొలంలో సగం చేపల చెరువుకి లీజుకిచ్చి, మిగతా సగం కౌలుకిచ్చి, అరుగు మీద కూర్చుని రైతు అనిపించుకుంటూ బతికాడు. అలాంటిది, పెద్ద డాక్టరు ఆ పసరు సంచిలోంచి తీసిన రాళ్ళని చిన్న సీసాలో వేసి చేతికిచ్చేసరికి ఆయన బతుక్కి ఒక పని దొరికింది. షోకేసులో పెళ్ళి ఫొటోని పక్కకి నెట్టి ఆ సీసా పెట్టాడు. శుభలేఖ ఇవ్వడానికొచ్చినవాళ్ళకి కూడా కాఫీ కంటే ముందు రాళ్ళు చూపించేవాడు. శనగగింజలంత, గోధుమరంగువి. అవి చూశాక ఆ కాఫీ గొంతు దిగేది కాదు పాపం.

ఆ తరవాత ఫోనులో వీడియోలు మొదలయ్యాయి. ఆవుకి, గేదెకి, మేకకి, పందికి, కుక్కకి, కోడికి ఆ సంచి ఉంటుందట. గుర్రానికి ఉండదట. ఇది నిజమే. జీవితంలో ఆయన నేర్చుకున్న ఒక్క నిజమూ ఆ చుట్టుపక్కల ఎవరికీ లేని జంతువు గురించి కావడం మన అదృష్టమో దురదృష్టమో. "గుర్రానికీ లేదు, నాకూ లేదు" అని, ఆ పైన మీరే అర్థం చేసుకోండన్నట్టు మీసం దువ్వుకునేవాడు. వంటింట్లో చేప తోముతూ మంగతాయారు అది వినేది. గుర్రం పనికొస్తుంది కదా అనుకునేది.

ఆ సంచి సంగతి ఆవిడకి తెలియక కాదు. చేప కోసేటప్పుడు కార్జాన్ని అంటుకుని పచ్చగా ఉండే చేదు సంచి చితికిందంటే ఆ కూర కుక్క కూడా ముట్టదు. చిన్నప్పట్నించీ ఎన్ని తీసి పారేసిందో. అయినా నోరు విప్పేది కాదు. కాపరానికొచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు ఎదురు చెప్పి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని మానేసింది. అప్పట్నించీ మొగుణ్ణి మనసులోనే చీదరించుకుంటూ, పైకి ఏవండీ అంటూ నెట్టుకొస్తోంది. తను నోరెత్తకపోవడాన్ని గొప్ప సహనం కింద జమకట్టుకుంది కూడా.

వాళ్ళకి పాకలో ఒక గేదె, దాని దూడ ఉండేవి. గేదె ఈని రెండో నెల, నిండుగా పాలిచ్చేది. చర్చి వెనకాల ఉండే మణెమ్మ రోజూ పొద్దున్నే చెరువు గట్ల మీద గడ్డి కోసి దానికి మోపు తెచ్చేది. మరో మూడు నాలుగు ఇళ్ళకీ ఆమే గడ్డి తెచ్చేది. అదే ఆమె బతుకు. మణెమ్మ గొంతు వినబడితే ఆ గేదె పలుపు లాక్కుని మరీ అరిచేది.

ఒకరోజు గేదె కుడితి కొంచెం వదిలేసింది. ఇంకొకరైతే పశువుల డాక్టరుకి కబురు పెడతారు. సూర్యనారాయణగారు దాని కంటిరెప్ప ఎత్తి చూసి, పచ్చబడిందని తేల్చేశాడు. దీనికీ రాళ్ళేనన్నాడు. తనకి ఆస్పత్రిలో నూనె వద్దన్నారు, కొవ్వు వద్దన్నారు, ఆపరేషను ముందు పస్తు ఉంచారు. గేదెకీ అదే వైద్యం. తెలగపిండి బందు, తవుడు బందు, గడ్డి బందు. సంచికి విశ్రాంతి కావాలి, లంఖణం పరమౌషధం అని, మంచినీళ్ళూ కొత్తిమీర కషాయమూ మాత్రం పట్టించాడు.

మణెమ్మ తెచ్చిన మోపుని గుమ్మంలోనే ఆపేశాడు. అది ఆకలి అరుపండీ అయ్యగారండీ, కొంచెం వెయ్యనివ్వండి అని ఆమె బతిమాలింది. పిత్తాశయం ఎక్కడుంటుందో నీకు తెలుసా అని అడిగాడాయన. తెలియదంది. మరి వెళ్ళమన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వెనక్కి మొయ్యలేక ఆమె వదిలేసిన గడ్డి గేటు బయట ఎండిపోతూ ఉండేది.

గేదె పగలంతా గేటు వైపు మెడ చాచి అరిచేది. మంగతాయారు ఒకసారి తవుడు గంప ఎత్తింది. అరుగు మీద ఆయన దగ్గాడు. ఆవిడ గంప దించేసి, వెధవ వైద్యం అని లోపల్లోపల తిట్టుకుని, పప్పు తాలింపు పెట్టుకుంది. వారం తిరిగేసరికి అరుపు ఆగింది. నొప్పి తగ్గిందని ఆయన మురిసిపోయాడు. అది పడుకుంది, మళ్ళీ లేవలేదు. నూరుమందిని చంపితేగాని వైద్యుడు కాడంటారు. ఈయన గేదెతో బోణీ చేశాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన కన్ను గేటు బయట ఎండిన మోపు మీద పడింది. చెరువు గట్ల మీద కలుపు మందు కొట్టారనీ, మణెమ్మ ఆ గడ్డే తెచ్చి గేదెని చంపిందనీ వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. సాయంత్రానికల్లా మిగతా ఇళ్ళవాళ్ళు కూడా రేపట్నించి గడ్డి తేవద్దని మణెమ్మకి చెప్పేశారు. అంతటితో ఆగితే సూర్యనారాయణగారు ఎందుకవుతాడు? పోలీసు కంప్లైంటుకి సాక్ష్యం కావాలని పశువుల డాక్టరు పెర్సిస్‌గారిని ఆయనే పిలిపించాడు.

పొలం గట్టున గొయ్యి పక్కన డాక్టరమ్మ గేదెని కోసింది. ఊరు సగం అక్కడే ఉంది. మణెమ్మ దూరంగా, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. కార్జం పాలిపోయి, పసుపురంగు తిరిగి, వేలు పెడితే చితికిపోతోంది. దాన్ని అంటుకుని ఆ సంచి ఇంత లావున ఉబ్బి వేలాడుతోంది. అది చూడగానే సూర్యనారాయణగారి ముఖం వెలిగిపోయింది. చూశారా వాపు, నేను ముందే చెప్పలేదా అని జనం వైపు తిరిగాడు. చచ్చింది తన గేదేనన్న సంగతి కూడా ఆ క్షణాన ఆయనకి గుర్తులేదు.

డాక్టరమ్మ సంచి కోసింది. ఆకుపచ్చటి పసరు చిక్కగా కారింది. అడుగంటా వేలితో తడిమి చూసింది. రాయి కాదు కదా, ఇసుకరేణువు కూడా లేదు.

"కార్జం ఈ పసరుని ఎప్పుడూ ఊరుస్తూనే ఉంటుందండి. మేత పేగులోకి దిగినప్పుడు సంచి ముడుచుకుని దాన్ని వదులుతుంది. మేత రాకపోతే ఇలా నిండిపోతుంది" అంది. పొట్ట కూడా విప్పి చూపించింది. నీళ్ళూ, పాత పీచూ తప్ప అందులో గడ్డి లేదు. పాలిచ్చే గేదె కావడంతో, తిండి లేక ఒంట్లో కొవ్వంతా కరిగి కార్జానికి పట్టిందనీ, దాంతోనే పోయిందనీ చెప్పింది. "తినని గడ్డి ఎలా చంపుతుందండి? దీనికి మేత ఎవరు ఆపారు?"

అదే మానేసిందన్నాడు సూర్యనారాయణగారు, తడుముకోకుండా. అబద్ధానికి మాత్రం ఆయనకి వీడియో అక్కర్లేదు. మణెమ్మ ఆయన వైపు చూడలేదు. మంగతాయారు వైపు చూసింది.

"మానెయ్యలేదండి" అంది మంగతాయారు. గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆయనే పెట్టనివ్వలేదు. మణెమ్మ రోజూ మోపు తెచ్చింది, ఆయనే తిప్పి పంపించారు. ఆకలికి అరుస్తుంటే నొప్పన్నారు."

"పిత్తాశయం గురించి నీకేం తెలుసే?"

"మీకది లేదని తెలుసండి."

జనం నవ్వారు. డాక్టరమ్మ కాగితం మీద రాయాల్సింది రాసుకుంది. గడ్డి మాన్పించిన ఇళ్ళవాళ్ళు అక్కడికక్కడే మణెమ్మని మళ్ళీ రమ్మన్నారు. ఆ రాత్రి మంగతాయారు ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయింది. మణెమ్మ వచ్చి చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనీ, ఫరవాలేదులే అని తను అనాలనీ కూడా అనుకుంది.

పొద్దున్నే మణెమ్మ వచ్చింది, దూడకి లేతగడ్డి పట్టుకుని. మంగతాయారు ఎదురెళ్ళి చేతులు చాపింది. మణెమ్మ గడ్డి ఇవ్వలేదు.

"నేనే వేసి, అది తిన్నాక వెళ్తానండి అమ్మగారండీ. ఆయన చేతికివ్వను. మీ చేతికీ ఇవ్వనండి."

"అదేంటి మణెమ్మా, నిన్న చెప్పింది నేనే కదా?"

"చెప్పారండి. అది అరిచినన్నాళ్ళూ మీరూ ఇంట్లోనే ఉన్నారు కదండీ."

మెత్తగానే అంది. అని పాకలోకి వెళ్ళిపోయింది. అరుగు మీద సూర్యనారాయణగారు గుర్రానికి పిత్తాశయం ఉండదని ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. ఆయన్ని మనసారా చీదరించుకుందామని మంగతాయారు అటు తిరిగింది. ఎంత ప్రయత్నించినా, ఇన్నేళ్ళుగా అలవాటైన ఆ చీదర ఈ పూట ఆయన దాకా వెళ్ళలేదు. పాకలో దూడ గడ్డి నములుతున్న చప్పుడు వింటూ, ఖాళీ చేతులతో ఆవిడ గేటు దగ్గరే నిలబడింది.