తూకం ఆయనకి, పథ్యం ఆమెకి

పోయిన నెలలో ఒక పొద్దున, దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. మా కింది పోర్షన్‌లో ఉండే సుబేదారు సారు.

"టీచరమ్మా, మీ అక్క పోయింది. ఇప్పుడే. బాధేమీ పడలేదు. మీరు క్లాసు చూసుకునే రండి" అన్నారు. పై అధికారికి కబురు చెప్పినట్టు, గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా.

మెట్ల మీదే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. పిల్లలు నన్ను తప్పుకుని పైకి పోతున్నారు. ఏడుపు రాలేదు. అన్ని నెలల ఆసుపత్రి తిరుగుడు తర్వాత మాలో మిగిలింది అలసటే. క్లాసు చెప్పలేనని ఆఫీసులో చెప్పి, మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, ఇంటికి నడిచాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

ఆమెకీ నాకూ చుట్టరికం లేదు. మాది కర్మన్‌ఘాట్ పాత ఊరు. పొలాలు ప్లాట్లయ్యాక నాన్న కట్టించిన ఇంట్లో పైన అమ్మా నేనూ ఉంటాం. కింది పోర్షన్‌లోకి వాళ్లు కిరాయికి వచ్చారు. వాళ్లది పశ్చిమ గోదావరి వైపు, ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు సైన్యంలో ఉండే పల్లె. ఆయన సరిహద్దుల్లో ఎక్కువకాలం చేసి, అప్పుడే సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కి బదిలీ అయ్యారు. కూతురు చదువు దిల్‌సుఖ్‌నగర్‌లో కాబట్టి ఇటు ఇల్లు చూసుకుని, ఆయనే రోజూ స్కూటర్ మీద అంత దూరం పోయి వచ్చేవారు. అప్పటికి ఆయనది నాయబ్ సుబేదారు ర్యాంకు, సుబేదారుకి ఒక మెట్టు కింద.

సామాన్లు దింపిన రోజే ఆమె గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని పైకొచ్చింది. బొద్దుగా, మెట్లెక్కిన ఆయాసంలో కూడా నవ్వుతూ. "మీరు కారం తింటారో లేదోనని తగ్గించానండీ" అంది. మా అమ్మ ఒక వేలు నాకి చూసి, "గిది తగ్గించినవా బిడ్డా?" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క, మా అమ్మ ఆమెకి పిన్నిగారు.

ఆమె వండనిది లేదు. పులుసులు, వేపుళ్లు, మినపసున్నుండలు, ఆదివారం కోడికూర. ఇన్నేళ్లు మెస్సు తిండి తిన్న మనిషికి ఇప్పుడైనా ఇంటి అన్నం పెట్టుకోవాలని ఆమె ఆశ. ఆఫీసు పని, ఇంటి అన్నం కలిసి ఆయన ఒళ్లు చేశారు. అది మాకెవరికీ తప్పుగా కనబడలేదు.

ఒకరోజు ఆయన పెందలాడే ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చున్నారు. నేను కోచింగ్ సెంటర్ నుంచి వచ్చేసరికి కూడా అట్లాగే ఉన్నారు. పక్కకి జరిగి దారి ఇచ్చారు. సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే ఆమెని అడిగాను.

"ఏమైందక్కా, సారు గట్ల కూసున్నరు?"

"పరుగులో పాసయ్యారంట టీచరమ్మా. తూకంలో ఫెయిలయ్యారంట."

సైన్యంలో ఏటా వైద్యపరీక్ష ఉంటుందనీ, ఎత్తుకీ వయసుకీ ఇంత బరువని పట్టిక ఉంటుందనీ, దాన్ని దాటితే మనిషిని పూర్తి ఆరోగ్యవంతుల కేటగిరీ నుంచి దించుతారనీ ఆ రోజే నాకు తెలిసింది. ఆయనకి సుబేదారుగా ప్రమోషన్ రావలసిన సమయం అది. కేటగిరీ పోతే ప్రమోషన్ ఆగుతుంది. ఆగితే ఉన్న ర్యాంకులోనే ముందుగా రిటైరై రావాలి. కూతురి చదువు ఇంకా సగంలో ఉంది. కొన్ని నెలలు గడువిచ్చి, బరువు తగ్గి మళ్లీ కనబడమన్నారు.

"నియమం అందరికీ ఒకటేగా, వాళ్లనేం అంటాం" అంది బట్టలు మడతపెడుతూ. ఇంకో చీర అందుకుని, "తోటివాళ్లు మాత్రం నవ్వారంట. భాభీ చేతివంట మహిమ అన్నారంట. ఒళ్లు పెరిగితే వండినదాన్ని అంటారు. తగ్గితే ఆయన పట్టుదల అంటారు. చూస్తూ ఉండు" అంది.

కోపంగా అనలేదు. అప్పటికే అలిసిపోయినట్టు అంది.

మర్నాడే మా అమ్మ దగ్గరికి జొన్నరొట్టె నేర్చుకోవడానికి వచ్చింది. గోదావరి మనిషి, వరి తప్ప ఎరగని చెయ్యి. పిండి చేతికి అంటుకుంటుంది, రొట్టె అంచులు పగులుతాయి.

"గట్ల కాదు బిడ్డా. నీళ్లు జర మసలనియ్యి. మసలే నీళ్లు పోస్తెనే పిండి మాట వింటది" అని అమ్మ పక్కన కూర్చుని చూపించింది. వారం తిరిగేసరికి రొట్టె వచ్చింది. ఆ రొట్టె, ఉడికించిన కూర, పలచటి మజ్జిగ. ఇంట్లో నూనె డబ్బా, నెయ్యి గిన్నె పై అరలోకి పోయాయి. మెట్లెక్కి వచ్చే తిరగమోత వాసన ఆగిపోయింది. మధ్యాహ్నం పూట మా ఇల్లే ఏదోలా ఉండేది.

ఒకసారి అమ్మ కిందికి వెళ్లి, ఆమె కంచంలో కూడా అదే రొట్టె చూసి ఆగిపోయింది.

"గిదేంది? తగ్గుమన్నది సారును గదా. నువ్వెందుకు తింటున్నవ్ గిది?"

"ఎదురుగా కూర్చుని నేను నెయ్యేసుకుని తింటే ఆయనకి ముద్ద దిగుతుందా పిన్నిగారూ? ఒక్కరికే పథ్యం పెడితే శిక్ష అవుతుంది. ఇద్దరం తింటే అదే మా ఇంటి వంట అవుతుంది."

తెల్లవారకముందే ఇద్దరూ నడకకి పోయేవారు. ఆయన ముందు పరుగు, ఆమె వెనక నడక. చివరికి హనుమాన్ గుడి దగ్గర కలుసుకునేవారు. శనివారాలు నేనూ వెళ్లేదాన్ని. అక్కడ పూజారి ప్రసాదంగా వడ ఇచ్చేవాడు. ఆయన అరచేతిలో వడ పడగానే ఆమె చెయ్యి చాచేది.

"ప్రసాదానికి బరువుండదే" అనేవారాయన.

"తూచేది హనుమంతుడు కాదుగా" అనేది ఆమె. ఓ ముక్క తుంచి ఆయనకిచ్చి, మిగతాది నా చేతిలో పెట్టేది. తను ఆ వేళ్లే కళ్లకద్దుకుని ఊరుకునేది.

ఆదివారం పొద్దున గచ్చు మీద తూకం మిషన్ పెట్టి ఆయన్ని ఎక్కించేది. "వాచీ తీయండి. బెల్టు తీయండి. ఊపిరి బిగబడితే తగ్గదండీ, మామూలుగా నిలబడండి." అంత మనిషీ బళ్లో పిల్లాడిలా చెప్పినట్టు వినేవారు. అంకె తగ్గితే ఆమె మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి, నాకు తలూపేది. తగ్గకపోతే ఆ వారమంతా మాట తక్కువ.

గడువు నాటికి ఆయన తగ్గారు. డాక్టర్లు పాత కేటగిరీ తిరిగి ఇచ్చారు. తర్వాత ప్రమోషన్ వచ్చింది. యూనిట్ వాళ్లు వచ్చి, "సుబేదార్ సాబ్, ఏం పట్టుదల మీది" అని కౌగిలించుకున్నారు. ఆమె టీ కప్పులు అందిస్తూ నా వైపు చూసి కనుబొమ్మలెత్తింది. అంతే. నవ్వొచ్చింది నాకు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ పరీక్ష ఏటా వస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఒళ్లు మాట వినదు, పట్టిక మాత్రం ఒప్పుకోదు. కూతురు ఉద్యోగానికి పుణె వెళ్లిపోయింది, జొన్నరొట్టె పోలేదు. పండగ పూట కూడా ఆమె తీపి చేసి వీధిలో పంచి, ఖాళీ గిన్నె కడిగి బోర్లించేది. "తినాలనిపించట్లేదా అక్కా?" అంటే, "అనిపించడం మానేసింది. అదీ ఒక సుఖమే" అనేది.

ఆమె సన్నబడింది. మా వీధిలో ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. ఏం తింటున్నావని అడిగారు. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటుంటే, "రోజూ అంత నడుస్తవు, నొయ్యవా మరి" అనుకున్నాం. ఆమె కూడా అదే అనుకుంది.

ఆయన రిటైరయ్యారు. ఆ మర్నాడు ఆమె పై అరలోంచి నెయ్యి గిన్నె దించింది. గారెలు, కోడికూర, పులిహోర, అన్నీ పాత లెక్కన చేసి మమ్మల్ని కిందికి పిలిచింది.

"ఇవాళ్టి నుంచి ఈయన్ని తూచేవాడు లేడు. తినండి" అంది.

ఆయన తిన్నారు. ఎన్నాళ్ల ఆకలో, తలెత్తకుండా తిన్నారు. ఆమె వడ్డించి, చివరికి తనూ ఒక గారె పెట్టుకుంది. సగం తిని కంచం పక్కకి జరిపింది. "అలవాటు తప్పింది కదా, పడట్లేదు" అంది. మేం కూడా అదే అనుకున్నాం. ఆ తర్వాత అన్నం కూడా పడలేదు. నీళ్లు కూడా కష్టమైనప్పుడు దవాఖానకి బయల్దేరాం. నేనూ తోడు వెళ్లాను.

నర్సు ఆమెని మిషన్ ఎక్కమంది. ఇన్నేళ్లలో ఆమెని తూచడం నేను చూసింది అదే. సారు ముందుకి వంగి అంకె చూశారు. ఆమెని చూశారు. మళ్లీ అంకె చూశారు.

"ఎంత కాలం నుంచి తగ్గుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టబోయారు. ఆమే జవాబు చెప్పింది. "ఆయనకి తెలీదండీ. మేం డైటింగులో ఉన్నాం."

"ఇద్దరూనా?"

"పరీక్ష ఆయనదేలెండి. నేను తోడు."

కడుపులో కణితి. అప్పటికే ముదిరింది. పథ్యం వల్ల వచ్చింది కాదని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. వరండాలో బెంచీ మీద నేనూ అదే చెప్పాను. "డైటింగ్‌తోని రాదంట సార్ గీ రోగం. డాక్టర్ చెప్పింది గదా."

"రాదు" అన్నారాయన. "కానీ కనబడనివ్వలేదు కదా టీచరమ్మా. తగ్గుతుంటే మంచిదే అనుకున్నాం." చేతిలో రిపోర్టు మడిచి, "నా బరువు ఆమెకి ఎప్పుడడిగినా తెలుసు. ఆమెది నాకు తెలీదు. అడగాలని కూడా తోచలేదు" అన్నారు.

ఆ తర్వాత నెలల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సూదులు, స్కానింగులు, హయత్‌నగర్ అవతల నుంచి కూడా జనం వచ్చి కూర్చునే పొడుగాటి క్యూలు. కూతురు వచ్చి పోతుండేది. వంట ఆయనే చేసేవారు. ఆమెకి జావ కాచి, తనూ గ్లాసులో అదే పోసుకుని మంచం ఎదురుగా కూర్చునేవారు.

"మీకేం వచ్చింది? అన్నం తినండి, నీరసపడతారు" అనేది ఆమె.

"అప్పుడు నువ్వు తిన్నావా?" అనేవారు.

ఆమె కళ్లు మూసుకునేది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ఆయన్ని కళ్లతోనే చూపించింది. చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

"చూడు టీచరమ్మా. ఇప్పుడు సరిగ్గా పట్టికలో బరువుకొచ్చారు. ఎవరికీ అక్కర్లేని టైములో" అంది. నవ్వబోయి దగ్గింది. నేను నీళ్లు పట్టించాను. ఆమె నాతో అన్న చివరి పూర్తి మాట అదే అనుకుంటాను. తర్వాతవన్నీ ముక్కలే.

మంచి మనిషి అని ఆమెని గురించి అందరూ అన్నారు. అది నిజమే గానీ, నాకు ఆమె గుర్తొచ్చేది మంచితనంగా కాదు. ఆకలేస్తున్నప్పుడు కూడా ఎదుటివాడి కంచం వైపే చూసిన మనిషిగా. మా ఇంట్లో ఎవరైనా ఇప్పుడు, "నాకొద్దు, మీరు తినండి" అంటే మా అమ్మ ఊరుకోవడం లేదు. "ముందు నువ్వు పెట్టుకో" అని గిన్నె తన చేతిలోకి తీసుకుంటోంది.

దినకర్మలు అయ్యాక కూతురు వెళ్లిపోయింది. పోయిన ఆదివారం సారు నన్ను కిందికి పిలిచారు. "మీ అక్క తన చీరలు మీకివ్వమంది" అన్నారు. ముత్తయిదువగా పోయిన మనిషి చీరలు కాదనకూడదని అమ్మ ముందే చెప్పి పంపింది. వరండాలో చాప మీద చీరలు మడతలు పెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఒడిలో ఒక జాకెట్టు తిరగేసి పెట్టుకుని కూర్చున్నారు. చేతిలో బ్లేడు ముక్క ఉంది.

పక్క కుట్టు దగ్గర వేలు పెట్టి చూపించారు. పాత మిషన్ కుట్టుకి లోపలగా చేత్తో వేసిన ఒక వరస. దానికి లోపలగా ఇంకొకటి. దానికి లోపలగా ఇంకా సన్నగా ఇంకొకటి. అన్ని జాకెట్లకీ అలాగే ఉన్నాయి.

"ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మీ అంతే ఉండేది. ఇవి విప్పేస్తే మీకు సరిపోతాయి" అన్నారు.

"నేను టైలర్‌కు ఇస్త సార్."

"వద్దమ్మా. సూదీదారం పని సైన్యంలో మాకు మొదట్లోనే నేర్పిస్తారు."

అన్నిటికంటే ఆఖరుగా వేసుకున్న వరస దగ్గర మొదలుపెట్టారు. గుడ్డ తెగకుండా బ్లేడు మొనతో ఒక్కొక్క కుట్టూ పైకి లేపి, తెంపి, దారం వేలితో లాగుతున్నారు. నేను చాప అంచున కూర్చున్నాను. దారం ముక్కలు ఆయన పంచె మీద రాలుతున్నాయి. ఒక వరస అయిపోయాక జాకెట్టుని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా సాగదీసి చూసి, రెండో వరస మీదికి వంగారు.