వరండాలో అరవై రెండు చేలు

మా మరిదిని ఊళ్ళో అందరూ టవర్ అంటారు. సిగ్నల్ కోసమని ఫోను నెత్తిమీదికెత్తి తిరుగుతుంటాడు కాబట్టి ఆ పేరు. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పుస్తకాలకు అట్టలు మాత్రం వేసి ఊరుకున్న మనిషి, ఇప్పుడు రైతుల సంఘంలో డిజిటల్ సహాయకుడు. ఆ ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ అయ్యగారికి మట్టి పడదు. చెప్పుకు బురద అంటితే తేలు పాకినట్టు కాలు విదిలిస్తాడు.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. ప్రతి రైతు చేనుకూ వెళ్ళి, నాలుగు మూలలా నిలబడి ఫోనులో నొక్కాలి. దాంతో ఆ చేను ఎక్కడుందో యాప్‌కు తెలుస్తుంది. అక్కడ వాన వచ్చేలా ఉంటే రైతు ఫోనుకు ముందే కబురొస్తుంది. మా చేలు కొండకు అవతల, సంఘం ఆఫీసు ఇవతల. ఇవతల దుమ్ము లేస్తుంటే అవతల కాలవలు పొంగడం మాకు మామూలే. అందుకే ఆ యాప్ సంగతి విని నిజంగా సంతోషించాను.

టవర్ ఒక్కరోజులో అరవై మూడు చేలు నమోదు చేసేశాడు. ప్రశంసాపత్రం ఇచ్చారు. దానికి అద్దం కట్టించి ఆఫీసు వరండాలో వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు చూడకపోతే మెడ పట్టుకుని తిప్పేలా ఉండేవాడు.

నాది రెండెకరాల వేరుశనగ. పీకిన చెట్లు నాలుగు రోజులు చేలోనే ఎండాలి. ఆలోపు తడిస్తే పడ్డ కష్టమంతా బూజు పాలు. ‘మీ చేనులో ఐదు రోజులు వాన లేదు, పంట తీయవచ్చు’ అని ఫోనులో వచ్చింది. ఎకరం పీకించాను. రెండో రోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. వారం తిరిగేసరికి కాయలు నల్లబడి మొలకలొచ్చాయి. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పక్కనే టవర్ చేను, ఒక్క చెట్టూ పీకలేదు. అదృష్టవంతుడనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మిగిలిన ఎకరమైనా దక్కించుకోవాలని, కబురెందుకు తప్పిందో కనుక్కోడానికి ఆఫీసుకు వెళ్ళాను. కంప్యూటరు దగ్గరుండే అమ్మాయి మ్యాపు తెరిచి, మీ చేను ఇదేనమ్మా అని చూపించింది. అది మేము నిలబడ్డ వరండా. మరో అరవై ఒక్క చేలూ అక్కడే, ఒకదాని మీద ఒకటి. మహానుభావుడు ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, దాన్నే నాలుగు మూలలకూ జరుపుకుంటూ ఊరి చేలన్నీ చుట్టేశాడన్నమాట. ఒక్క చేను మాత్రం కొండ అవతల, ఉండాల్సిన చోట, చక్కగా ఉంది. అది అతనిదే.

అప్పుడే వచ్చాడు, జుట్టు సర్దుకుంటూ.

“అన్ని చేలు ఎండలో ఎలా తిరగమంటారు వదినా? నేనూ మనిషినేగా.”

“నీ చేను చుట్టూ ఎవరు తిరిగారు మరి?”

“అది మన చేను కదా.”

అన్నదమ్ములు పంచుకుని పదకొండేళ్ళయింది. ఆ ‘మన’లో నేను లేనని నాకు తెలుసు.

“నీకు వాన కబురు వచ్చిందా?”

“వచ్చింది.”

“పక్క చేలో నేను పీకిస్తుంటే చూశావు. ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“మీకూ వచ్చే ఉంటుందనుకున్నా.”

అంత నీచమైన మాట కూడా అంత తీరిగ్గా అనొచ్చని ఆ రోజే తెలిసింది. ఆ అమ్మాయి దగ్గరే పని నేర్చుకుని, మర్నాడు బురదలో నా చేను నాలుగు మూలలూ నేనే తిరిగి నొక్కాను. సాయంత్రానికి ‘రెండు రోజులు ఆగండి’ అని వచ్చింది. ఆగాను. వాన పడింది, వెలిసింది. తర్వాత పీకిన ఎకరం గలగలలాడుతూ ఇల్లు చేరింది. పక్కవాళ్ళ చేలూ నాలుగైదు తిరిగి పెట్టాను. గంటకు మించి పట్టలేదు.

ప్రశంసాపత్రం ఇంకా వరండాలోనే ఉంది. మొన్న వెళ్ళి, మొలకలొచ్చిన వేరుశనగ కట్ట ఒకటి దాని మేకుకే తగిలించి వచ్చాను. చేను అక్కడ రాశాడు కదా, పంట కూడా అక్కడే ఉండనీ.