హమూర్ నబీ

పొద్దున నమాజు, చాయ్ అయ్యాక గులాం నబీకి ఒకటే పని: మేడ మీద నిలబడి సముద్రంలోకి గాలం వేయడం. మంచిర్యాలలో సముద్రం లేదన్న సంగతి ఆయనకు తెలియక కాదు. సందుకు అవతల రమ వాళ్ల మేడ మీద ఒక పాత బకెట్ పెట్టించుకున్నాడు. అదే ఆయన సముద్రం. బహ్రెయిన్ నుంచి తెచ్చుకున్న గాలం కర్రను వెనక్కి వంచి, కొక్కెం లేని దారానికి కట్టిన సీసపు గుండును విసిరేవాడు. గుండు బకెట్లో పడితే సాయంత్రం దాకా మొహంలో వెలుగు. గురి తప్పితే రమ ఎండబోసిన మిరపకాయల్లో పడేది. ఒకసారి తీగ మీద ఆరేసిన చీరనే చుట్టుకుంది. ఆ చీర రమ అత్త పోశవ్వది.

"ఇడువు నబీ, నా చీర చినుగుతది!"

"నువ్వే ఇడువు పోశక్కా, నా దారం తెగుతది!"

ఊరి పక్కనే గోదావరి ఉండగా ఈ తిప్పలేమిటని రమకు అనిపించేది. ఒకరోజు అడిగేసింది. "గోదాట్ల పట్టరాదు చాచా?"

నబీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఉప్పు లేని నీళ్లల్ల చేప పట్టుడంటే ఉప్పు లేని కూర తిన్నట్టే బేటీ. హమూర్ ఉంటదా ఆడ?"

హమూర్ అరబ్బుల సముద్రపు చేప. ఒడ్డుకు దగ్గరలో, నీటి అడుగున రాళ్ల మధ్య ఉంటుంది. పెద్ద నోరు, ఒంటి నిండా నారింజ రంగు చుక్కలు. నబీ డ్రైవరుగా పనిచేసిన ఇంటి షేక్ శుక్రవారాలు ఆయనను కూడా పడవ ఎక్కించుకుని వేటకు పోయేవాడట. ఆ పడవ దిగి ఏళ్లు గడిచినా నబీ నోరు మాత్రం దిగలేదు. ఏ మాట మొదలుపెట్టినా హమూర్ దగ్గరే తేలేది. కరెంటు పోయిందని వాడంతా తిట్టుకుంటుంటే, "హమూర్‌కు మసక చీకటే ఇష్టం" అని ఓదార్చేవాడు. కడుపులో బాగా లేదని ఎవరైనా అంటే, "హమూర్ నమలదు, గుటుక్కున మింగుతది, దానికేం కాదు" అనేవాడు. ఊళ్లో గులాం నబీలు ఇంకా ఉన్నారు గానీ, హమూర్ నబీ ఒక్కడే.

పక్కింటి నిశ్చితార్థంలో అయితే పెళ్లివారి నడుమ కూర్చుని మొదలుపెట్టాడు. "హమూర్ ఆడదై పుడతది. గుడ్లు పెడతది. పెద్దగైనంక మగది అయితది. అల్లా కుద్రత్!"

పెళ్లికొడుకు మేనమామ చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది. పోశవ్వ మాత్రం తడుముకోలేదు. "మా ఇంట్ల ఉల్టా నబీ. మా ముసలాయన నౌకరున్నన్ని దినాలు పులి లెక్క ఉన్నడు. పింఛను మొదలైనంక చాటల బియ్యం ఏరుకుంట కూసున్నడు."

ఇంతా చేసి నబీ ఇంట్లో చేప వండరు. ఆయన భార్య జమాలున్నీసాకు ఆ వాసన పడదు. "చేప ఆయన నోట్లనే ఉంటది, మా గిన్నెల ఉండది" అంటుంది.

అలాంటి మనిషి ఆ వానాకాలం పొద్దున్నే రమ ఇంటికి రావడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఇల్లు హమూర్ వినే స్థితిలో లేదు.

రమ భర్త సంపత్, అతని దోస్తు లచ్చయ్య ఒకే గనిలో ఒకే షిఫ్టు. ఒకే బండి మీద పోయి వచ్చేవాళ్లు. ఒక సాయంత్రం తిరిగి వస్తుంటే బర్రె అడ్డం వచ్చి బండి పడింది. నడుపుతున్న సంపత్ మోకాలు గీసుకుపోయింది. వెనక కూర్చున్న లచ్చయ్య లేవలేదు. లచ్చయ్య దినవారాలు అయిన మర్నాటి నుంచి సంపత్ వెనక గదిలో గడియ పెట్టుకున్నాడు. రమ పళ్లెం గడప దగ్గర పెడితే సగం తినేవాడు. మాట లేదు. గనిలో నాగాల మీద నాగాలు పడుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే నౌకరీ పోతుందని తోటివాళ్లు కబురు పంపారు. నౌకరీ మాట అటుంచి, మనిషే చేజారిపోతున్నాడని రమ భయం.

చుట్టాలు వంతులవారీగా వచ్చి తలుపు బాదారు. సుల్తానాబాద్ నుంచి వచ్చిన మేనమామ ముత్యం గొంతు అందరికంటే పెద్దది. "మొగోనివి కాదారా? పెండ్లాన్ని ఏడిపిస్తవా? బయటికి రా!"

అప్పుడే నబీ వచ్చి, గది గుమ్మానికి వీపు ఆనించి చతికిలబడ్డాడు. "కూసో ముత్యం భాయ్. హమూర్‌ను ఎప్పుడన్న సూసినవా?"

ముత్యం చూడలేదు. మధ్యాహ్నానికి హమూర్ ఎర ఏదో, ఏ పోటుకు తింటుందో, ఏ వయసులో మగదవుతుందో అన్నీ తెలిసిపోయాయి. బస్సుకు టైమైందని లేచాడు. ఆయన బస్సు సాయంత్రం.

తర్వాత వచ్చిన ప్రతి చుట్టానికీ ఇదే గతి పట్టింది. నబీ ఆ గుమ్మం వదలలేదు. ఎవరూ లేనప్పుడు తలుపుకే చెప్పేవాడు.

"ఇంట్ల గింత పరేషాన్ ఉంటే మీకు చేపల ముచ్చటనా చాచా?" అని రమ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"జర ఓపిక పట్టు బేటీ" అని నబీ మళ్లీ తలుపు వైపు తిరిగాడు. "ఆఁ, ఏడ ఆగినం సంపత్? షేక్ దారం ఇడిచిండు..."

ఒక పొద్దున నబీ రాలేదు. ఎండెక్కినా రాలేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. పళ్లెం పెట్టడానికి వెళ్లిన రమకు లోపల గడియ తీసిన చప్పుడు వినిపించింది. గడ్డం మాసి, కళ్లు చికిలించి, సంపత్ గుమ్మంలో నిలబడ్డాడు.

"చాచా రాలేదా?"

రమ తల అడ్డంగా ఊపింది.

"ఒంట్ల మంచిగ లేదో ఏమో. సూసొస్త."

చెప్పులు కూడా లేకుండా సందు దాటాడు. రమ వెనకే పరిగెత్తింది. నబీ అరుగు మీద గుండ్రాయిలా కూర్చుని ఉన్నాడు.

"మంచిగనే ఉన్నవ్ గద చాచా! ఎందుకు రాలే?" సంపత్ గొంతులో కోపం.

"నా హమూర్ ముచ్చట ఒడిసింది బేటా. ఇగ లచ్చయ్య ముచ్చట నువ్వు చెప్పు."

సంపత్ అరుగు మీద కూలబడ్డాడు. "ఆ దినం బండి నేను నడుపుత అన్నడు చాచా. నేనే ఇయ్యలే."

నబీ హమూర్ మాట ఎత్తలేదు.

జమాలున్నీసా రమను లోపలికి పిలిచి చేయి పట్టుకుంది. "మీ చాచా పొద్దుగాలనుంచి మీ ఇంటి దిక్కే సూసుకుంట కిటికీ కాడికెల్లి జరగలే బిడ్డా. సంపత్ గడప దాటినంకనే అరుగు మీదికి ఉరికిండు. చాయ్ ముట్టలే. నేనన్న పోయి సూసొస్తనంటే నన్ను గూడ పోనియ్యలే."

సంపత్ తేరుకుని మొహం కడుక్కోవడానికి లేచినప్పుడు రమ అడిగింది. "వస్తడని మీకెట్ల తెల్సు చాచా?"

"తెల్వది బేటీ. గాలానికి పడ్డ హమూర్ రాళ్ల బొక్కల దూరి, మొప్పలు ఇప్పుకొని బిగదీసుకుంటది. గుంజినకొద్ది బిగుసుకుంటది. దారం తెగుతది గని అది రాదు. గప్పుడు దారం వదులు జేసి ఊకె కూసోవాలె. గుంజెటోడు లేడనుకుంటే అదే వస్తది. ఒక్కోపారి రాదు గూడ."

"వచ్చినంక పట్టుకుంటరు గద?"

"చేపనైతె పట్టుకుంటం. మనిషికైతె చాయ్ తాపుతం" అని నబీ లోపలికి కేక వేశాడు. "ఏమే, నాలుగు చాయ్!"

ఇప్పుడు సంపత్‌ది మొదటి షిఫ్టు. గులాం నబీకి మొన్న కుడికంటి శుక్లం తీశారు. డ్యూటీ నుంచి రాగానే సంపత్ పోయి ఆ కంట్లో మందు చుక్కలు వేస్తున్నాడు.