వహీద్ ఎంచిన క్యాలెండరు

మా ఆఫీసు సార్లు తరచూ పోయే ఊరొకటి ఉండేది. దాని పేరు క్యాంపు. అది ఏ మండలంలో ఉందో, దానికి ఏ బస్సు ఎక్కాలో చాలా ఏళ్లు నాకు తెలియలేదు. ఫలానా సారు ఏరని ఎవరడిగినా "క్యాంపుకు పోయిండు" అనే జవాబు వచ్చేది. అడిగినవాళ్లు మారు మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవారు.

నల్లగొండలో హెడ్డాఫీసు, కొత్తకోటలో శాఖ, మోత్కూర్‌లో కిరాయికి తీసుకున్న ఒక గది. బయట ఊటబావి గ్రామాభివృద్ధి సంఘం అని ఇంత పెద్ద బోర్డు. చెరువు కట్టలు బాగుచేయించడం, మొక్కలు నాటించడం, రైతులకు శిక్షణ ఇవ్వడం మా పని. డబ్బు డెన్మార్క్ నుంచి వచ్చేది. దాన్ని ఖర్చుపెట్టే కష్టం ఐదుగురు సార్లు పంచుకునేవారు. కార్యదర్శి అమరేందర్ సారు, చెరువుల సారు, మొక్కల సారు, శిక్షణ సారు, కొత్తకోట శాఖ సారు. నేను మంజులతను, లెక్కలు రాసేదాన్ని. నాకు నోరెక్కువని ఐదుగురూ ఏకగ్రీవంగా అనేవారు.

ఇక వహీద్. మోత్కూర్ వాడు. వాళ్ల నాయిన అబ్దుల్ ఖాదర్ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. ఎనభై తొమ్మిదిలో వహీద్ నల్లగొండలో మా దగ్గర టైపిస్టుగా చేరాడు, తాత్కాలికంగా. ఆ తాత్కాలికం పదకొండేళ్లు నడిచింది. ఏటా మార్చి చివర అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి, వారం తర్వాత మళ్లీ చేర్చుకునేవారు. నడుమ తెంపు లేకపోతే పర్మినెంట్ అడుగుతాడని భయం. ఒక ఏడు వీడ్కోలు సభ పెట్టి దండ కూడా వేశారు. ఆ దండ పూర్తిగా ఎండకముందే మనిషి మళ్లీ వచ్చి టైపు మిషను ముందు కూర్చున్నాడు.

అతని నిఖా మాటల్లో పెద్దమనుషులు "పిల్లగాడు వచ్చే నెల పర్మినెంట్ అయితడు" అని పిల్ల తండ్రికి చెప్పారట. ఆ తర్వాత వహీద్ భార్య ఇక్బాల్ బీకి ముగ్గురు పిల్లలు పుట్టారు గానీ ఆ వచ్చే నెల మాత్రం రాలేదు. అత్తగారింటికి పోయినప్పుడల్లా మామ "ఏమైంది బేటా" అని అడిగేవాడు. వహీద్ పండగకు కూడా అటు పోవడం తగ్గించాడు.

సంఘం నియమం ఒకటి ఉంది. ఎవరినైనా పర్మినెంట్ చేయాలంటే ఐదుగురు సార్లూ ఒకే రోజు ఒకే చోట కూర్చుని తీర్మానం మీద సంతకాలు పెట్టాలి. నలుగురున్నా చెల్లదు. ఇద్దరు ఆఫీసులో ఉంటే ముగ్గురు క్యాంపులో ఉండేవారు. ముగ్గురు వస్తే ఇద్దరు పోయేవారు. వహీద్ తీర్మానం కాగితం ఐదు మార్చిలు చూసి పసుపు రంగుకు తిరిగింది.

తొంభై తొమ్మిదిలో డెన్మార్క్ నుంచి కబురొచ్చింది. అన్ని ఆఫీసుల్లో ఈమెయిల్ ఉండాలి, అందరి కార్యక్రమాలూ ఒకే క్యాలెండరులో అందరికీ కనిపించాలి, దాన్ని పర్మినెంట్ ఉద్యోగి నడపాలి, ఏడాది తర్వాత వచ్చి కళ్లారా చూస్తాం అని. అమరేందర్ సారు వహీద్‌ను లోపలికి పిలిచాడు.

"గీ పని నువ్వు జెయ్యి వహీద్. పర్మినెంట్ మనిషే ఉండాలని ఆళ్లే అంటుండ్రు. మిషన్ నడువనియ్యి, నీ కాగితం నేనే ముందల పెడత. ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయకు అని అమరేందర్ సారు అన్నాడంటే మనం ఫికర్ మొదలుపెట్టాలి. వహీద్ మాత్రం నమ్మాడు. హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చి, తమ ప్రోగ్రాం వాడాలంటే తలకింత చొప్పున ఏటేటా కట్టాలని చెప్పిపోయాడు. ఆ మాటకు సార్ల ముఖాలు మాడిపోయాయి. అప్పుడు వహీద్ కోఠీలో కొన్న ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీ పట్టుకొచ్చాడు.

"ఇది ఓపెన్ సోర్స్ సార్. ఎవలైనా తీస్కోవచ్చు. లోపల ఎట్ల రాసిన్రో ఇప్పి చూడొచ్చు, మనకు తగ్గట్టు మార్చుకోవచ్చు. పైసలు లెవ్వు."

"పైసలు తీస్కోకుంట ఎందుకిస్తరయ్య? ఆళ్లకేం లాభం?" అన్నాడు మొక్కల సారు. ఊరూరా వేపమొక్కలు ఉచితంగా పంచి, ఇది ప్రజల ఆస్తి అని మైకు పట్టుకుని ఉపన్యాసం చెప్పే పెద్దమనిషి ఆయనే.

వహీద్ అలాంటి ప్రోగ్రాంలు మూడింటిని తెచ్చి పరీక్ష పెట్టాడు. మొదటిదానిలో ఉత్తరాలు బాగా పోయేవి, క్యాలెండరే లేదు. రెండోదానిలో క్యాలెండరు ముచ్చటగా ఉంది గానీ ఒక్కొక్కరికీ కొత్త కంప్యూటర్ కావాలి. మా దగ్గర మంచిది ఒక్కటే, మిగతావి చలికాలంలో లేవడానికి గంట తీసుకునేవి. మూడోది పాత డబ్బాల మీద కూడా తెరుచుకుంది. కొత్తకోట నుంచి ఫోన్ లైను మీద కూడా అందింది. పైగా ఎవరైనా రాసింది మారిస్తే పాత రాత చెరిగిపోదు. ఎవరు మార్చారో, ముందు ఏముండెనో కిందనే కనిపిస్తుంది. వహీద్ నన్ను పిలిచి అది చూపించాడు. అతని ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు.

"ఇంకొకటి చూడక్కా. గీ మీట నొక్కితే అందరికీ ఖాళీగ ఉన్న రోజు అదే ఎతికి చెప్తది. ఐదుగురు ఎప్పుడు దొరుకుతరో ఇగ నేను ఎవరినీ అడగనక్కర్లేదు."

ఎందుకు అదే ఎంచాడో నాకు అప్పుడు అర్థమైంది. ఈమెయిల్ కాదు, డెన్మార్క్ కాదు, అతనికి కావలసింది ఆ ఒక్క రోజు.

సార్లు ఎలా ఒప్పుకున్నారంటారా, అది వాళ్ల తెలివి. ఒక్కొక్కరే విడివిడిగా వహీద్ దగ్గరికి వచ్చి గుసగుసగా ఒకే ప్రశ్న అడిగారు. "కడమోళ్లు యాడ తిరుగుతుండ్రో నాకు కనిపిస్తది గదా?" కనిపిస్తది సార్ అన్నాడు వహీద్. "మంచిది, పెట్టు" అన్నారు. తాము ఎక్కడ తిరుగుతున్నదీ మిగతావాళ్లకు కనిపిస్తుందా అని ఒక్కరికీ తోచలేదు. ఐదుగురిలో ఏ ఒక్కరికి తోచినా ఆ సీడీ ఆ రోజే చెత్తబుట్టలో ఉండేది.

వహీద్ దాన్ని విప్పి మా పద్ధతికి మార్చాడు. వచ్చినప్పుడు అందులో క్రిస్మస్ తప్ప మనం ఎరిగిన పండగ లేదు. పీర్ల పండగ, బతుకమ్మ, రంజాన్ అన్నీ చేర్చాడు. మోత్కూర్ అంగడి రోజు కూడా రాశాడు, ఆ రోజు శిక్షణ పెడితే రైతులు రారని. ఊళ్ల నుంచి ఫోన్ చేసి సారు ఎప్పుడొస్తడని అడిగితే తెర చూసి జవాబు చెప్పేవాడు. జనం నమ్మేవారు.

నెల తిరిగేసరికి సార్లకు విషయం బోధపడింది. బోధపడ్డాక వాళ్లు పని దొంగతనంలో చూపించిన క్రమశిక్షణ పనిలో చూపించి ఉంటే రెండు జిల్లాల్లో చెరువులన్నీ నిండి మత్తడి దుంకేవి. ఏడాది పొడుగునా ముందుగానే క్యాంపులు రాసి పెట్టుకున్నారు. వహీద్ సోమవారం సోమవారం ఆ మీట నొక్కేవాడు. మిషను సంవత్సరం చివరి దాకా వెతికి, అందరూ ఖాళీగా ఉన్న పనిదినం లేదని చెప్పేది. ఇంటికి పోతే ఇక్బాల్ బీ "మిషన్ ఏమన్నది?" అని అడిగేదట. రానురాను అడగడం మానేసింది.

ఒక శుక్రవారం మోత్కూర్ దగ్గరి పల్లె నుంచి భిక్షం అనే రైతు ఫోన్ చేశాడు. "మీ చెరువుల సారు ఇయ్యాల వస్తడని నువ్వే చెప్తివి గదయ్య. పొద్దటి సంది కట్ట మీద కూసున్నం. ఎవ్వలు రాలే."

వహీద్‌కు తలకొట్టేసినట్టయింది. తెర ముందు కూర్చున్నాడు. చెరువుల సారు మోత్కూర్ క్యాంపు. అమరేందర్ సారు హైదరాబాద్ క్యాంపు. మొక్కల సారు కొత్తకోట, శిక్షణ సారు అచ్చంపేట, కొత్తకోట సారు దేవరకొండ. వెనక్కి తిప్పి చూశాడు. ఒకరు క్యాంపులో ఉన్న ప్రతి శుక్రవారం ఐదుగురూ క్యాంపులోనే ఉన్నారు, ఐదు దిక్కుల్లో. సంఘానికి ఉన్నది ఒక్క జీపు.

"అక్కా, ఒక్క జీపు ఐదు తొవ్వల ఎట్ల పోతది?" అని అడిగాడు.

మరుసటి రోజు జీపు కడుగుతున్న డ్రైవర్ గుర్వయ్యను నేనే పట్టుకున్నాను. ఆయన బకెట్టు తీసుకుని అటు తిరిగాడు. నేను వదల్లేదు. "నందికొండ పోతరమ్మ. సాగర్ కాడ ఒక గెస్ట్‌హౌజ్ ఉంది. చాపలు మంచిగ వండుతరు. నా పేరు చెప్పకుండ్రి జర" అన్నాడు. అప్పటికి తెలిసింది నాకు, క్యాంపు అనే ఊరు ఎక్కడుందో.

ఆ పై శుక్రవారం వహీద్ తీర్మానం కాగితం తీసుకుని బయలుదేరాడు. సాక్షిగా నన్ను రమ్మని బతిమాలాడు. హాలియా మీదుగా బస్సులో పోయి దిగాం. దారంతా అతను ఒక్కటే మాట చెబుతూ వచ్చాడు. "కొట్లాట వద్దక్కా. ఐదుగురు ఒక్కదగ్గర ఉన్నరు, సంతకాలు పెట్టుమందాం, అంతే."

ఐదుగురూ వరండాలో బనీన్ల మీద ఉన్నారు. ముందర వేయించిన చేప ముక్కలు, పక్కన పేకముక్కలు. మమ్మల్ని చూసి శిక్షణ సారుకు ముల్లు గొంతులో ఇరికింది. అమరేందర్ సారు మాత్రం చెయ్యి తుడుచుకుని, చాలా ఆప్యాయంగా "రా వహీద్, కూసో" అన్నాడు.

వహీద్ కూర్చోలేదు. "సార్, ఐదుగురున్నరు. తీర్మానం గిక్కడ్నే చేస్తే బాగుంటది."

"చేద్దాం. తారీఖు ఏం రాస్తవ్?"

"ఇయ్యాల్టిదే సార్."

"ఇయ్యాల నేను హైదరాబాద్‌ల ఉన్న గదా. నీ మిషన్లనే ఉంది. వచ్చే నెల డెన్మార్కోళ్లు వచ్చి ఈ కాగితం, ఆ మిషన్ పక్కపక్కన పెట్టి చూస్తే నా గతేంది, నీ గతేంది?"

వేరే తారీఖు వేద్దామన్నా దారి లేదు. ఏ రోజు చూసినా ఎవరో ఒకరు క్యాంపులోనే ఉన్నారు. "నిజమే రాద్దాం సార్. ఐదుగురు నందికొండల కలిసిన్రని రాస్త. మీటింగే గదా."

ఇరవై ఏళ్ల సంఘం చరిత్రలో అంత అసభ్యమైన మాట వాళ్లెవరూ విన్నట్టు లేదు.

"రాసింది మాపొస్తదా?" అని అడిగాడు చెరువుల సారు.

"మాపితే మాపినట్టు కనిపిస్తది సార్. గందుకే దీన్ని తెచ్చిన."

"మొత్తానికి మొత్తం తీసేస్తే?"

అమరేందర్ సారు లేచి వచ్చి వహీద్ భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు వహీద్. ఫోన్ లైన్ల నుంచి పిడుగు వడి మిషన్లు కాలిపోతయి. మన దిక్కు కొత్తేం గాదు. రేపు నువ్వు మొత్తం తీసెయ్యి. సోమవారం నీ కాగితం మీద ఐదు సంతకాలు ఉంటయి. నువ్వు మంచోనివి, గందుకే గదా ఇన్నేండ్లు నిన్ను తీసెయ్యలే."

"ఏటా మార్చిల తీసేసింది ఎవరు సార్ మరి?" అన్నాను నేను. నాకు ఒళ్లు మండిపోయింది. బయట ఆకాశంలో మబ్బుతునక లేదు, ఈయన పిడుగు కురిపిస్తున్నాడు. వహీద్ నా వైపు చూశాడు. వద్దు వహీద్ అన్నాను. నేను పర్మినెంటును, ఆ మాట నా నోటి నుంచి తేలిగ్గానే వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పెద్దవూర దాటాక "మా మామకు పానం బాగలేదక్కా" అన్నాడు.

మరునాడు తనే తీసేశాడు. పక్కన ఎవరినీ ఉండనివ్వలేదు, నన్ను తప్ప. ముందు సార్ల క్యాంపులు పోయాయి. తర్వాత పీర్ల పండగ, బతుకమ్మ, అంగడి రోజులు పోయాయి. చివరికి తెర మీద ఏమీ లేదు. మిషను ఆపి, దాని మీద గుడ్డ కప్పి, ఫోన్ తీగ ఊడదీసి చుట్టి పెట్టాడు.

అమరేందర్ సారు మాట తప్పలేదు, ఆయన జీవితంలో అదొక వింత. ఐదు సంతకాలతో ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్ ఆపరేటర్, పర్మినెంట్. డెన్మార్క్ వాళ్లు వచ్చి పిడుగు కథ విని ఎంతో బాధపడ్డారు, కొత్తది పంపిస్తామన్నారు. అమరేందర్ సారు చేతులు జోడించి, తొందరేమీ లేదని సెలవిచ్చాడు. ఆ కొత్తది రాలేదు.

ఉత్తర్వు వచ్చిన వారం ఇక్బాల్ బీ నన్ను భోజనానికి పిలిచింది. కొత్త చీర కట్టుకుంది. ఇల్లంతా బిర్యానీ వాసన. గోడకు ఆనుకుని ఆమె నాయిన కూర్చున్నాడు, పక్కన మందుల సీసాలు. ఆ ముసలాయన ఉత్తర్వును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, చదవరాకపోయినా చాలాసేపు చూశాడు. తర్వాత అల్లుణ్ణి దగ్గరికి పిలిచి తల నిమిరాడు. "పదకొండేండ్లకు మా అబ్బ నవ్విండక్కా" అని ఇక్బాల్ బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాకు కూడా ఏడుపొచ్చింది. వహీద్ గడప దాకా నన్ను సాగనంపడానికి వచ్చాడు. "సంతోషమేనా?" అని అడిగాను.

"నౌకరీ వచ్చింది అక్కా" అన్నాడు. లోపల మామ వినకుండా గొంతు తగ్గించి, "పని పోయింది" అన్నాడు.