పద్నాలుగు వందల ముప్పై ఏడు సార్లు

పొద్దున్నే లోకమంతా పేపరు చదువుతుంటే అతను చిట్టా చదివేవాడు. తొమ్మిదింటికల్లా గది తాళం తీసి, చెప్పులు గుమ్మం బయట విడిచి, బీరువా అంత ఉన్న యంత్రం మీది దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని చేతులు జోడించేవాడు. ఆ తర్వాతే కుర్చీ. ముందు రోజు ఎవరి కంప్యూటరు ఏ పేజీ అడిగిందో, ఎన్నిసార్లు అడిగిందో అన్నీ వరసగా కనిపించేవి.

అది పరీక్షల కార్యాలయం. ప్రశ్నపత్రాలు తయారయ్యే చోటు కాబట్టి ఫోన్లు వాకిట్లో అరలోనే వదిలి రావాలి. లోపలి నలభై కంప్యూటర్లకూ బయటి లోకానికి ఒకటే దారి, అతని గదిలోని ప్రాక్సీ సర్వరు. ఎవరికేం కావాలన్నా అదే వెళ్ళి తెచ్చిపెట్టాలి. అతను వద్దన్నచోటికి అది వెళ్ళదు. అందుకే అందరూ "గేటాయన" అనేవారు. ఆ పేరు అతనికి లోలోపల ఇష్టమే.

నెట్టు నత్తనడక నడుస్తోందని మేనేజరు గారు విసుక్కున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే సలహా ఇచ్చింది అతనే.

"ఎక్కువ వాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద పెడదాం సార్. సిగ్గుపడి వాళ్ళే సర్దుకుంటారు."

అలా అంటించిన కాగితంలో మొదటి పేరు టైపిస్టు అక్కది. మూడు రోజుల్లో ఒకే పేజీ, పద్నాలుగు వందల ముప్పై ఏడు సార్లు. చిరునామా నిండా అంకెలే. ఏదో ఆట అయ్యుంటుందిలే అనుకుని, తెరిచి చూడకుండానే ఆ పేజీకి దారి కూడా మూసేశాడు.

బోర్డు దగ్గర జనం మూగారు.

"అమ్మో, పద్నాలుగు వందలా! పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మా ఆయన నా మొహం అన్నిసార్లు చూసుండడు," అంది రికార్డు గదిలో పనిచేసే ఆవిడ.

"మరి టైపు దేంతో చేస్తున్నట్టు వదినా? కాళ్ళతోనా?" అన్నాడు స్టోరు గుమాస్తా.

టైపిస్టు అక్క వాళ్ళతోపాటు తనూ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

ఆమెను సంజాయిషీ అడగాలి, టైములతో సహా రుజువు తెమ్మన్నారు మేనేజరు గారు. గేటాయన చిట్టా విప్పాడు. పదకొండు పది, పదకొండు పదకొండు, పదకొండు పన్నెండు. నిమిషానికొకటి, గడియారం కొట్టినట్టు. ఒంటిగంట దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఒకటీ అయిదు, ఒకటీ ఆరు, ఒకటీ ఏడు. మూడు రోజులూ అంతే. ఆ వేళప్పుడు అక్క అతని పక్కనే కూర్చుని ఉంది. "ఒంటిగాడివి, ఏం వండుకుంటావులే" అంటూ తన డబ్బాలోది సగం అతని డబ్బా మూతలో వేస్తూ ఉంది. ఆరేళ్ళుగా వేస్తూనే ఉంది.

అప్పుడు తెరిచాడా పేజీని. ఏదో ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు. మంచాల నంబర్లు, ఒక్కోదానికి ఎదురుగా బిడ్డ ఎలా ఉందో ఒక్క ముక్క. ఒకసారి తెరిచి వదిలేస్తే చాలు, నిమిషానికోసారి దానంతటదే మళ్ళీ అడుగుతుంది. అడిగింది పేజీ, మనిషి కాదు. పదిహేనేళ్ళ సర్వీసులో ఆ మాత్రం తెలియనివాడేం కాదు. భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది.

బోర్డు మీది కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. "తప్పు నాది సార్, చూడకుండా రాశాను," అన్నాడు మేనేజరు గారితో. "పోనీలేవయ్యా, దానికేముంది!" అని ఆయన ఫైల్లో తలదూర్చారు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది. రికార్డు గదికీ స్టోరుకీ కూడా వెళ్ళి చెప్పి, ఆఖరికి అక్క దగ్గరికొచ్చాడు.

"అక్కా, పేజీ తెరిచాను. చూసుకో."

ఆమె అతనికేసి చూడనే లేదు. తెర మీద నాలుగో మంచం, నిలకడగా ఉంది. కళ్ళు తుడుచుకుంది.

"మా చెల్లెలి కూతురు. ఏడో నెలలోనే పుట్టింది. పొద్దున తెరిచి ఓ మూలన పెట్టుకుంటాను, అంతే తమ్ముడూ."

"నాకు చెప్పి ఉండొచ్చుగా?"

"నువ్వు అడిగి ఉండొచ్చుగా?"

అతను తల దించుకున్నాడు. ఆమె కాలితో స్టూలు అతని వైపు జరిపింది. "తిన్నావా?" అంది. ఎంత పెద్ద శిక్షయినా దేవుడు ఇలాంటి చిన్న మాటలతోనే వేస్తాడు కాబోలు. అతను కూర్చోలేకపోయాడు.

"ఒక్క సాయం చెయ్యాలక్కా. నా గదికి రా."

గదిలో ఒక జాబితా తెరిచి చూపించాడు. "ఏ నంబరు ఎవరి కంప్యూటరుదో ఉండేది ఇందులోనే. ఇప్పుడే నంబర్లన్నీ యంత్రమే కొత్తగా పంచింది, నేను చూడలేదు. నా పనికి నంబర్లు చాలు, పేర్లక్కర్లేదు. దీనికి పాస్‌వర్డు నువ్వు కొట్టు. నాకు చెప్పకు. మేనేజరు గారు ఒప్పుకున్నారు. మరీ అవసరమైతే ఆయన చీటీతో నీ దగ్గరికే వస్తాను."

"నేనా! మర్చిపోతేనో?"

"మర్చిపోతే మరీ మంచిది."

కీబోర్డు ఆమె వైపు జరిపి, తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"కొట్టక్కా," అన్నాడు.