బావకు కనిపించని చుక్కలు

మా బావ సిటీ బస్సు డ్రైవరు. మనిషి బంగారమే గానీ ఉత్త అనుమానపు పక్షి. ఇంటికి తాళం వేశాక దాన్ని పట్టుకుని వేలాడి చూస్తాడు. వీధి చివరికి వెళ్ళాక గ్యాసు కట్టేశామా లేదా అని వెనక్కి వస్తాడు. పెళ్ళయిన కొత్తలో మా అక్క ఈ చాదస్తానికి ఏడ్చేది, ఇప్పుడు నవ్వుతుంది. నేను మాత్రం మొదటి నుంచీ నవ్వుతూనే ఉన్నాను. మరదలన్నాక ఆ మాత్రం హక్కు ఉండదా?

ఏ అనుమానం వచ్చినా పదిమందికీ చెప్పి వాళ్ళ ప్రాణాలు తోడేసే మనిషి, ఒక్క భయాన్ని మాత్రం ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఆయన తండ్రి లారీ నడిపేవాడు. నలభై దాటాక ఆయనకు రేచీకటి వచ్చింది. పగలు ఏ ఇబ్బందీ ఉండేది కాదు, పొద్దు గూకితే దారి కనిపించేది కాదు. చివరికి లారీ వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. మా బావకూ నలభై దాటాయి. ఆయన నడిపేది సాయంత్రం డ్యూటీ, చివరి ట్రిప్పుకు బాగా చీకటి పడుతుంది. తండ్రికి వచ్చింది తనకూ వస్తే బస్సునిండా ఉన్న జనం గతేమిటి, స్టీరింగు తప్ప వేరే పని చేతకాని తన గతేమిటి అని ఆయన లోలోపల కుమిలిపోతున్నాడు. ఈ భయం సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిందల్లా, ఉన్నట్టుండి ఆయనకు ఫొటోల పిచ్చి పట్టిందని.

నేను ఫొటో స్టూడియోలో పనిచేస్తాను. పొద్దున లేస్తే పాస్‌పోర్ట్ ఫొటోలు. “గడ్డం కాస్త పైకెత్తండి, నవ్వకండి” అని చెప్పి చెప్పి ఇంట్లోవాళ్ళను కూడా నవ్వొద్దంటున్నానని మా అక్క వెక్కిరిస్తుంది. ఒక మధ్యాహ్నం బావ ఖాకీ బట్టల్లోనే స్టూడియోకు వచ్చాడు.

“చిన్నీ, మీ దగ్గర పాత కెమెరా ఏదైనా మూల పడుందా?”

“దేనికి బావా? అక్కను తీస్తావా? ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చావు.”

“కాదే. ఆకాశాన్ని తియ్యాలి. రాత్రిపూట చుక్కల్ని.”

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. బీరువాలో ఒక పాత కెమెరా ఉంది. కొన్నప్పుడు వచ్చిన మామూలు లెన్సే దానికి ఉంది, ఫ్లాష్ ఎప్పుడో పోయింది. అదే ఇచ్చాను. చుక్కలకు ఫ్లాష్ కొట్టేదేముంది.

ఆ వారం నాకు పట్టపగలే చుక్కలు చూపించాడు. మొదటిరోజు కెమెరాను చేత్తో పట్టుకుని తీశాడట, మొత్తం నలుపు. రెండోరోజు తెచ్చినవి చూస్తే చుక్కలన్నీ పాములు పాకినట్టు వంకరటింకరగా ఉన్నాయి. నిజానికి నాకూ చుక్కల ఫొటోల సంగతి ఓనమాలు కూడా తెలియవు. తెలియదంటే మరదలి పరువు పోతుందని, ఇంటర్నెట్‌లో వెతికి చదివి, నాకు అన్నీ తెలిసినట్టే చెప్పాను. స్టాండు మీద బిగించాలి. లెన్సును వీలైనంత ఆకాశం పట్టేలా పూర్తిగా వెడల్పుకు తిప్పి, వెలుగు వచ్చే దారిని కూడా పూర్తిగా తెరవాలి. ఫోకస్ పని కెమెరాకు వదలకూడదు, చీకట్లో అది ముందుకూ వెనక్కూ జరుగుతూ గింజుకుంటుందే తప్ప ఎక్కడా నిలవదు. అన్నిటికంటే మెరుస్తున్న చుక్కను తెరమీద పెద్దది చేసి చూస్తూ, అది సూదిమొనంత అయ్యేదాకా లెన్సు చేత్తో తిప్పి, కదలకుండా టేపు అంటించాలి. షట్టర్ పదిహేను సెకన్లు పెట్టాలి. మరీ ఎక్కువసేపు ఉంచితే భూమి తిరుగుతుంది గనుక చుక్కలు గీతలవుతాయి. వేలు తగిలి కెమెరా అదరకుండా టైమర్ పెట్టి చెయ్యి తీసెయ్యాలి.

“టేపు ఊడిపోతే?” అన్నాడు బావ.

“మళ్ళీ అంటించు.”

“అంటించేటప్పుడు లెన్సు కదిలితే?”

“బావా, బయట కస్టమరు కూర్చున్నాడు, నన్ను వదిలెయ్!”

ఆయన రూటు ఊరి చివర ఒక ఖాళీ స్థలంలో ముగుస్తుంది. ఒక రేకుల షెడ్డు, ఒక కుళాయి, అంతే. చివరి ట్రిప్పులో అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ డిపోకు బయల్దేరాలి. అంతకుముందు అక్కడ టీ తాగుతూ ఆకాశం చూసేవాడట. ఏడాదిగా చుక్కలు తగ్గినట్టు అనిపించింది. తగ్గింది చుక్కలా, తన చూపా అన్నది తేల్చుకోవడానికే ఈ కెమెరా. ఆ సంగతి నాకు ఒక్క ముక్క చెబితే ఎంత బాగుండేది! చెబితే ఆయన మా బావ ఎందుకవుతాడు?

కొన్నాళ్ళకు కెమెరా మెమరీ కార్డు తెచ్చి ఇచ్చాడు. స్టూడియో కంప్యూటర్లో తెరిచి నేను కెవ్వుమన్నాను. షెడ్డు రేకుల మీదుగా ఆకాశం నిండా ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలే చుక్కలు. మా ఓనరు కూడా లేచి వచ్చి చూశాడు.

“బావా, ఇది నువ్వే తీశావా? ఏం తీశావు బావా!”

ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. “ఇవన్నీ నిజంగా ఉన్నవేనా? కెమెరా కల్పించిందేమో?”

“ఉన్నవే. కెమెరా లేనివి ఎందుకు చూపిస్తుంది?”

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఒక ప్రింటు తియ్యమని అడిగి, దాన్ని జేబులో పెట్టుకుని వెంటనే వెళ్ళిపోయాడు. మెచ్చుకోలు విని సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత అక్క ఫోను చేసింది. “మీ బావ అన్నం సరిగ్గా తినట్లేదే. స్టీరింగు వదిలేస్తారట, డిపోలో బస్సులు కడిగే పనికి మార్చమని అడుగుతారట. ఎందుకంటే చెప్పరు. నువ్వు ఆ కెమెరా ఇచ్చిన దగ్గర్నుంచే ఇలా ఉన్నారు.”

తప్పు కెమెరా మీద పడేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే అక్కను వెంటబెట్టుకుని ఆయన చివరి ట్రిప్పు ఎక్కాను. ఊరి చివర జనమంతా దిగిపోయారు. కండక్టరు వెనక సీట్లో నడుం వాల్చాడు. బావ దిగి షెడ్డు దాటి చీకట్లోకి నడిచాడు, మేమూ వెనకే వెళ్ళాం.

“ఏమైందండీ మీకు? ఇవాళ చెప్పేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను,” అంది అక్క.

ఆయన జేబులోంచి ప్రింటు తీసి, ఫోను లైటు దానిమీద వేశాడు.

“ఇందులో ఎన్ని చుక్కలున్నాయో చూడండి. ఇప్పుడు పైకి చూడండి. నాకు ఇందులో పదోవంతు కూడా కనిపించట్లేదు. మా నాన్నకొచ్చిందే నాకూ వచ్చింది.”

అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది. నేను తల పట్టుకున్నాను. పైకి చూశాను. అక్కడక్కడా చుక్కలు, ప్రింటులో ఉన్నవాటికీ వాటికీ పొంతనే లేదు.

“నాకూ అన్ని కనిపించట్లేదు బావా.”

“నా కోసం అబద్ధం చెప్పకు.”

“నాకూ అంతేనండీ, ఒట్టు,” అంది అక్క.

“నేను బాధపడతానని ఇద్దరూ కూడబలుక్కున్నారు.”

ఈ మనిషితో మాటలు దండగ అనిపించింది. బస్సులో ఉన్న కెమెరా తెమ్మని స్టాండు మీద పెట్టించాను. పదిహేను సెకన్లను తిప్పి తిప్పి, సెకనులో చిన్న ముక్కకు తెచ్చాను. “ఇప్పుడు నొక్కు,” అన్నాను. నొక్కాడు. తెరమీద తారు పూసినట్టు నలుపు, ఒక్క చుక్క లేదు.

“ఏం బావా, కెమెరాకు కూడా రేచీకటి వచ్చిందా?”

ఆయన నావంక చూశాడు. ఒక సెకనుకు పెంచమన్నాను. తానే తిప్పి తానే నొక్కాడు. కాసిన్ని చుక్కలు వచ్చాయి. ఇంకాస్త పెంచాడు, ఇంకొన్ని వచ్చాయి. పదిహేనుకు వచ్చేసరికి ఆకాశం నిండిపోయింది.

“కారే కుళాయి కింద చెంబు పెట్టినట్టు బావా. ఎంతసేపు ఉంచితే అంత నిండుతుంది. మన కన్ను అలా పోగుచేసుకోలేదు, ఎప్పటి వెలుగు అప్పుడే. ఈ ఫొటోలో ఉన్నన్ని చుక్కల్ని ఇక్కడ నిలబడి ఎవరూ చూడలేరు.”

“నేనేమనుకున్నానంటే,” అన్నాడు మెల్లగా, “చీకట్లోకొస్తే మన కళ్ళు సర్దుకోడానికి కాస్త టైము పడుతుంది కదా, కెమెరాకూ ఆ పదిహేను సెకన్లు అందుకే అనుకున్నా. మంచి కళ్ళున్నవాళ్ళకి ఇలాగే కనిపిస్తుందేమో అని...”

“మరి ఏడాదిగా చుక్కలెందుకు తగ్గాయి?” అంటూ ఆయనే మళ్ళీ అనుమానంగా చూశాడు. నేను వేలు పెట్టి చూపించాను. స్థలం అవతల కొత్త గోదాము, దాని నెత్తిన పట్టపగల్లా వెలుగుతున్న పెద్ద పెద్ద దీపాలు. అది కట్టి ఏడాది. రోజూ దాని పక్క నుంచే బస్సు నడిపే మనిషి, తన కళ్ళను అనుమానించాడు గానీ ఆ దీపాలను అనుమానించలేదు.

బస్సు మెట్టు మీద కూలబడి అప్పుడు చెప్పాడు. తండ్రి తన జబ్బును చాలాకాలం దాచిపెట్టి రాత్రిళ్ళు లారీ నడిపాడట. పక్క సీట్లో పిల్లవాడైన ఈయన్ని కూర్చోబెట్టుకుని, దారి చెప్పమనేవాడట. నిద్ర రాకుండా బావ తన చేతులు గిల్లుకుంటూ కూర్చునేవాడట. ఒకసారి కునుకు పట్టింది. లారీ కాలవలోకి దిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి తండ్రి గట్టిగా ఏడవడం విన్నాడట.

“ఇన్నేళ్ళలో నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం?” అంది అక్క.

“నువ్వు భయపడతావని.”

“మీరొక్కరే భయపడితే సరిపోతుందా?” అని అక్క ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, దాన్ని కెమెరా సంచి సర్దడంలో పెట్టేశాను.

ఆయన సగం నమ్మాడు. మిగతా సగం కోసం మర్నాడే సెలవు పెట్టించి కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ కళ్ళలో మందు వేసి, చాలాసేపు కూర్చోబెట్టి, చీకటి గదిలో దీపం పెట్టి లోపలంతా చూసింది. ఇంకేవో పరీక్షలు కూడా చేసింది.

“మీ నాన్నగారికి ఉన్న జబ్బు ఛాయలు మీకు లేవు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి.”

“రాత్రి బస్సు నడపొచ్చా అండీ?”

“నడపండి.”

“ఇంకొక్కసారి చెప్పండి.”

ఆవిడ ఓపికగా మళ్ళీ చెప్పింది. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమంది. ఈ ఒక్క రాత్రి మాత్రం బండి ముట్టుకోవద్దని, మందు ప్రభావం తగ్గేదాకా చూపు మసగ్గా ఉంటుందని హెచ్చరించింది.

బయటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. బావకు ప్రతి దీపమూ పళ్ళెమంత కనిపిస్తోందట. మొదటి అడుగే తప్పి, గోడ పక్కన నిలిపి ఉన్న స్కూటరుకు తగిలి, దానికి క్షమాపణ చెప్పాడు. ఇన్నాళ్ళూ దేనికైతే వణికిపోయాడో అదే కళ్ళముందుంటే, చిన్నపిల్లాడిలా పకపకా నవ్వుతున్నాడు. అక్క ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్ళిద్దరూ నడివీధిలో చేతులు పట్టుకోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

“మెట్టుంది, మెల్లగా దిగండి,” అంది అక్క.

“ఏమీ కనిపించట్లేదే!” అని బావ వీధంతా వినపడేలా అరిచాడు. “అంతా మసకే!”

“అబ్బా, అరవకండి. అందరూ మనల్నే చూస్తున్నారు.”

“చూడనీవే,” అన్నాడు బావ. “నాకు ఎవరూ కనిపించట్లేదుగా!”