ఆమె పక్కన తవ్వించిన గుంత

మా వైపు చాలామందిని సొంత చేనులోనే పూడుస్తారు. నా భార్యనూ కంబదూరు దగ్గరి మా చేనులోనే పూడ్చాం. ఆ రోజు మొదట గుర్తుపెట్టిన చోట రెండడుగులకే బండ తగిలింది. ఆమెను పక్కన పడుకోబెట్టి, మరోచోట తవ్వేదాకా అందరూ ఎండలో నిలబడ్డారు. ఆ సంగతి డైరీలో ఒక్క వాక్యంతో ముగించాను గాని, మనసులోంచి పోలేదు.

ఈ వేసవిలో నా గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాక ఒకటే పట్టుకుంది. ఆమె పక్కన నాకు చోటు దొరుకుతుందా, అక్కడా బండేనా? ఉద్యోగమంతా సర్వేయరుగా ఊరూరి భూములు కొలిచినవాణ్ణి. ఈ ఒక్క చోటు సంగతి తేల్చుకోకుండా ఉండలేకపోయాను. టేపు తీసుకుని వెళ్లి, ఆమెకు గుంత తీసిన మనిషినే పిలిపించాను.

అతను గడ్డపార మీద చేతులు ఆనించి నవ్వాడు.

"ఏం సారూ, బతికుండంగానే కొలతలా? అంత తొందరేమొచ్చె?"

"తొందర కాదప్పా. బండ ఉండాదేమో చూసి మళ్లా పూడ్చేద్దాం."

అతని నవ్వు ఆగిపోయింది. "అట్ల కుదరదు సారూ. తీసిన గుంత ఉత్తగా పూడ్చరాదు. అది మనిషిని అడుగుతాది."

ఆ మాట నాకూ తెలుసు. కొలతల ధ్యాసలో మరిచిపోయాను. "అడిగితే నన్నే కదా అడిగేది, తవ్వు," అన్నాను.

ఎర్రమట్టి పోయింది, గరుసు పోయింది. బండ రాలేదు. నడుము లోతుకు దిగాక అతను గడ్డపార పక్కన పెట్టి, పిడికిలంత మట్టిగడ్డ ఒకటి పైకి తెచ్చాడు. విప్పితే లోపల కప్ప. కాళ్లు ముడుచుకుని, కళ్లు మూసుకుని, ఎండిన చింతపండు ముద్దలా ఉంది. చచ్చిందనుకున్నాను. వేలు ఆనిస్తే గొంతు కింది చర్మం కదిలింది.

ఎన్నో నెలలుగా ఆ చేను మీద చినుకు పడలేదు. అన్ని నెలలూ అది ఆ చీకట్లో, ఆమెకు బారెడు దూరంలో, వాన కోసం ఊపిరి పట్టుకుని ఉంది. వస్తుందని దానికెవరు చెప్పారు? ఆ మట్టి కింద ముగింపు తప్ప మరేమీ ఉండదని నేను టేపు పట్టుకు వచ్చాను. చెప్పులు విడిచి నిలబడ్డాను.

"తీసిన చోటే పెట్టేయప్పా," అన్నాను చివరికి.

అతను దాన్ని గుంత అడుగున పెట్టి, మెత్తటి మట్టి చేత్తో చల్లాడు. "ఇంగ భయం ల్యా సారూ. గుంత ఉత్తగా పోలా. ఈడ ముందే ఒకాయప్ప కాపరముండాడు. మీరు ఇప్పుడప్పుడే వస్తానంటే ఒప్పుకోడు."

ఆమె పోయాక నేనంతగా నవ్వింది లేదు.

ఆమె పోయినప్పటినుంచీ ఆ చేను బీడుగానే పడి ఉంది. ఎవరి కోసం విత్తాలి, ఎన్నాళ్లకని విత్తాలి అని ఊరుకున్నాను. గుంత పూడ్చేసి తిరిగి వస్తూ అడిగాను.

"వాన పడితే కొర్ర విత్తుదామా?"

"పడితే ఏంది సారూ, పడకముందే దున్నించాల గదా!"

మరుసటి రోజే ట్రాక్టరు పిలిపించాను. ఆమె పక్కన నా చోటు కొలిచి, నాలుగు మూలలా రాళ్లు పాతి, తక్కిన చేనంతా దున్నమన్నాను.